పడ్డాక మాట్లాడదాం

గోల్ఫ్ మైదానంలో మా బావమరిది నాకు బంతి ‘ఇచ్చింది’ మొత్తం మీద రెండే సార్లు. రెండోసారి ఇచ్చింది నాకు తుంటి కీలు మార్చిన ఏడాది, వానలు వెళ్లిపోతుండగా. ఆ వానాకాలం సంగతే చెబుతున్నాను.

ఇవ్వడమంటే ఏమిటో తెలియనివాళ్లకు ముందు చెప్పాలి. బంతి దొర్లి దొర్లి గుంటకు జానెడు దూరంలో ఆగిందనుకోండి. ఇక అది పడక ఎక్కడికి పోతుంది? అప్పుడు ఎదుటివాడు, ‘సరేలే, పడినట్టే, తీసేసుకో’ అంటాడు. సరదాగా ఆడుకునేవాళ్లంతా ఒకరికొకరు ఇలా ఇచ్చుకుంటారు. టైము కలిసొస్తుంది, మర్యాద చేసినట్టూ ఉంటుంది. మా బావమరిదికి ఈ మర్యాద ఒంటబట్టలేదు. బంతి గుంట అంచున కూర్చుని లోపలికి తొంగిచూస్తున్నా సరే, చేతులు కట్టుకుని నిలబడి, “పడ్డాక మాట్లాడదాం బావా” అంటాడు.

వాడు కారు నడపడం నేర్పే మాస్టారు. సగం మంది కారు గుద్దేది సొంత ఇంటి గేటుకేనని వాడి సిద్ధాంతం. పక్క సీట్లో కూర్చుని ఏళ్ల తరబడి బ్రేకు తొక్కీ తొక్కీ, చివరికి సినిమా హాల్లో కూర్చున్నా వాడి కుడికాలు నేలను నొక్కుతూనే ఉంటుంది. శిష్యులు వాడికి బ్రేకు మాస్టారని పేరు పెట్టారు. నేను దాన్ని ఇంకా కురచ చేసి బ్రేకూ అంటాను.

మొదటిసారి ఇచ్చింది వాళ్లక్క నన్ను విడిచి వెళ్లిన వారం. వాళ్లక్క అంటే నా భార్య. కోర్టు కాగితం వచ్చాక నా భార్య అనడానికి వీల్లేదు, పేరు పెట్టి అనడానికి నోరు రాదు, కాబట్టి వాళ్లక్కే. ఎవరినీ తప్పుపట్టే కథ కాదది. విడివిడిగా ఇద్దరం మంచివాళ్లమే, ఒక కప్పు కింద మాత్రం ఉప్పూ నిప్పూ. ఆ శనివారం వాడు మైదానానికి రాడనే అనుకున్నాను. వచ్చాడు. ఒక్క మాట మాట్లాడకుండా ఆడాడు. చివరి గుంట దగ్గర నా బంతి బారెడు దూరంలో ఆగితే, “తీసేసుకో బావా” అన్నాడు. ఆమె ఇక తిరిగి రాదని నాకు అప్పుడు తెలిసింది. అంతదాకా నేను నమ్మలేదు.

తర్వాతి శనివారం మళ్లీ చేతులు కట్టుకున్నాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మైదానంలో కొత్తవాళ్లెవరైనా కలిస్తే మాత్రం, “ఈయన మా బావ” అని చెప్పేవాడు. ఏ లెక్కన బావనో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఎక్కడ కాదని తేలుతుందోనని నా భయం. నాకు లోకంలో మనిషంటూ ఉన్నది వాడొక్కడే. వారానికి ఏడు రోజులు అందరికీ ఉంటాయి. నాకు మాత్రం శనివారం ఒక్కటే రోజు, మిగతావన్నీ దానికోసం కాచుకునే వరస.

నా పని అద్దాలు కోయడం. కిటికీ అద్దాలు, నిలువుటద్దాలు, ఫొటో ఫ్రేములు. పొద్దస్తమానం బల్ల ముందు ఎడమకాలి మీద బరువు వేసి నిలబడే పని. ఆ కాలి తుంటి అరిగింది. మొదట మెట్ల దగ్గర పట్టేసేది, తర్వాత మంచం దిగేటప్పుడు, ఆ తర్వాత ఊరికే నిలబడినా. గోల్ఫ్ కర్రను చేతికర్రలా ఊనుకుంటూ ఆడటం మొదలుపెట్టాక బ్రేకు ఇక ఊరుకోలేదు.

“బావా, నీ బేరింగు పోయింది. గ్రీజు రాస్తే తగ్గేది కాదు. మార్చాల్సిందే.”

“మారిస్తే మళ్లీ ఆడగలనా?”

“మార్చకపోతే ఆడలేవు. అది మాత్రం గ్యారంటీ.”

అలా తొలకరి రోజుల్లో ఆస్పత్రిలో చేరాను. బల్ల దగ్గర కూర్చున్నావిడ కాగితాలు రాసుకుంటూ, “ఇంటికెళ్లాక మిమ్మల్ని చూసుకునేదెవరండీ?” అని అడిగింది. ఏదో ఒకటి చేసుకుంటాలెండి అనబోయాను. నాకంటే ముందు బ్రేకు, “నేనే” అన్నాడు.

“మీరేమవుతారు?”

“బావమరిదిని.”

“ఆయన భార్య లేరా?”

“ఊళ్లో లేదు” అన్నాడు వాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె వేరే ఊళ్లో పరదాలు కుట్టే షాపు నడుపుతోందని నాకూ తెలుసు. ఊళ్లో లేదన్నది నిజమే. ఆ కాగితంలో మాత్రం నా పక్కన బావమరిది అనే మాట పడింది, మత్తు ఎక్కేదాకా నేను దాన్నే తలుచుకుంటూ పడుకున్నాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు, ఎందుకంటే నేను నిద్రలో ఉన్నాను. లేచేసరికి నాలో ఎవరో కొత్త కీలు పెట్టారు, కుట్లు వేశారు, మర్నాడే నిలబడమన్నారు. నిలబడ్డాను. కళ్లు బైర్లు కమ్మాయి. పక్కన బ్రేకు, “క్లచ్చు మెల్లిగా వదులు బావా, ఒక్కసారే వదిలితే బండి ఆగిపోతుంది” అన్నాడు. నర్సు నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేదు.

ఇంటికొచ్చిన రోజు వాడు ఒక పెట్టె, తన తలగడ తెచ్చుకున్నాడు. వాడు పెళ్లి చేసుకోలేదు. ఎన్నో ఏళ్లుగా ఒకే ఒక్క అద్దె గది. పెట్టె దించీ దించకముందే వంటింట్లో రెండో కుర్చీ మీది పాత పేపర్లన్నీ ఎత్తి బయట పెట్టాడు. ఆ కుర్చీ మీద కూర్చునేవాళ్లు లేక నేనే దాన్ని పేపర్ల స్టాండు చేసుకున్నాను. అడుగున ఉన్న పేపరు తేదీ చూశాడు. కుర్చీ తుడిచి కూర్చున్నాడు.

తుంటి మార్పించుకున్నవాడికి ఉన్నన్ని నిషేధాలు సన్యాసికి కూడా ఉండవు. నడుము దగ్గర వంగకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. పల్లపు కుర్చీలో కూర్చోకూడదు. పడుకుంటే మోకాళ్ల మధ్య తలగడ ఉండాలి. మరుగుదొడ్డి మీద ఎత్తు కోసం ప్లాస్టిక్ పీట ఒకటి బిగించారు, దానికి బ్రేకు సింహాసనమని పేరు పెట్టాడు. “రాజావారు కొలువు తీరారా?” అని తలుపు బయట నుంచి అడిగేవాడు.

అన్నిటికంటే కష్టం మేజోళ్లు. కాళ్లు వాచకుండా బిగుతు మేజోళ్లు రోజంతా వేసుకోవాలి. వంగకుండా ఎవడి మేజోడు వాడు తొడుక్కోవడం మనిషికి సాధ్యం కాదు. రోజూ పొద్దున్నే బ్రేకు నేల మీద కూర్చుని, నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని, ముడతలు లేకుండా పైకి లాగేవాడు. మొదటి రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పేమోనని వాడు చేయి తీశాడు. నొప్పి కాదు. ఎన్నేళ్లుగానో నన్ను మరో మనిషి ముట్టుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. అది వాడికి చెప్పలేదు. “బిగుతుగా ఉందిరా” అన్నాను.

వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. చిన్న పిల్లే కానీ గట్టి పిండం. మొదటి రోజు, “బాగయ్యాక ఏం చేయాలనుంది అంకుల్?” అని అడిగింది. కొందరు మెట్లెక్కాలంటారట, కొందరు బజారుకెళ్లాలంటారట.

“శనివారం” అన్నాను.

ఆ అమ్మాయి అర్థంకాక బ్రేకు వైపు చూసింది. “గోల్ఫ్ ఆడాలని ఆయన ఉద్దేశం” అన్నాడు వాడు.

“అయితే మీకు నేర్పడం తేలిక అంకుల్. కింద పడ్డ వస్తువు తీసుకోడానికి మేం అందరికీ నేర్పే పద్ధతి గోల్ఫ్ ఆడేవాళ్లదే. ఒక చేత్తో దేన్నైనా పట్టుకుని, ఆపరేషన్ అయిన కాలు తిన్నగా వెనక్కి లేపి, రెండో కాలి మీద వంగి తీసుకోవాలి. గుంటలోంచి బంతి తీస్తారు చూడండి, అలాగ. ఇప్పుడు కాదు. నేను చెప్పినప్పుడు.”

అప్పట్నుంచి అది నా పరీక్ష అయింది. కాలు వెనక్కి లేపి బంతి తీయగలిగిన రోజు నేను మళ్లీ మనిషినని నాకు నేనే నిర్ణయించుకున్నాను.

బయట వాన, లోపల నడక. వసారా ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని నేను, నా వెనక వాడు. మలుపు దగ్గర, “అద్దంలో చూసుకో” అనేవాడు. నేను నిజంగానే తల తిప్పి చూసేవాణ్ని. ఇంట్లో చప్పుళ్లు పెరిగాయి. వాడు గిన్నెలు కడుగుతూ పాడతాడు, శ్రుతి లేదు. దగ్గుతాడు, తలుపులు వేసేటప్పుడు చప్పుడు చేస్తాడు, పేపరు గట్టిగా చదివి మంత్రులందరికీ డ్రైవింగ్ రాదని తేలుస్తాడు. వాడికి వచ్చిన వంట గుడ్డు ఉడకబెట్టడం ఒక్కటే. అది కూడా ఒకరోజు మాడ్చాడు. ఉడికే గుడ్డు ఎలా మాడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒళ్లంతా నొప్పులతో, అంత సుఖంగా నేను ఎప్పుడూ లేను.

సాయంత్రాలు వాడికి ఫోను వచ్చేది. చేత్తో పట్టుకుని పెరట్లో రేకుల కిందికి వెళ్లి మాట్లాడేవాడు. ఎవరో నేను అడగక్కర్లేదు. ఆ నడకే చెప్పేది. రేకుల మీద వాన మోతలో మాటలు వినబడేవి కావు. ఒకరోజు మాత్రం చినుకు ఆగింది. వంటింటి కిటికీ దగ్గర నేను స్టాండు పట్టుకుని నిలబడి ఉన్నాను.

“ముందు బావ ఆడనీ అక్కా. ఆడాక చెబుతా” అంటున్నాడు వాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె నా గురించి అడుగుతోంది. నేను ఆడానా లేదా అని కబురు కోసం చూస్తోంది. ముసలి గుండెకు బుద్ధి ఉండదు. ఆమె తిరిగి వస్తుందని కాదు, ఆ ఆశ ఎప్పుడో పోయింది. ఎక్కడో ఒకచోట కూర్చుని, నేను నడిచానో లేదో అని ఒక మనిషి అడుగుతోందంటే అది చాలు. మర్నాటి నుంచి ఆ అమ్మాయి పదిసార్లు చేయమన్న వ్యాయామం ఇరవైసార్లు చేశాను. “మీకేమైనా పోటీ ఉందా అంకుల్?” అని కోప్పడింది.

స్టాండు పోయి చేతికర్ర వచ్చింది. వసారాలో ఒక గాజు గ్లాసు పడుకోబెట్టి, దానిలోకి బంతి దొర్లించడం మొదలుపెట్టాను. నిలబడి పట్టర్, అంటే బంతిని నేల మీద దొర్లించే పొట్టి కర్ర, ఆడించడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది, బంతిని మాత్రం బ్రేకే వంగి తీయాలి. ఒకసారి బంతి గ్లాసు మూతి దగ్గర బెత్తెడు దూరంలో ఆగింది. వాణ్ని చూశాను. గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

“తుంటి కొత్తదని కనికరం కూడా లేదట్రా నీకు?”

“తుంటి కొత్తది. చెయ్యి పాతదేగా. పడ్డాక మాట్లాడదాం.”

వేశాను. గ్లాసు టంగుమంది. అద్దాలవాణ్ని కదా, గాజు చప్పుడుకు నా ప్రాణం లేచొస్తుంది.

కర్ర లేకుండా గేటు దాకా వెళ్లివచ్చిన రోజు వాడు పెట్టె సర్దుకున్నాడు. అది న్యాయమే. వాడికీ గది ఉంది, పనులున్నాయి. “రోజూ వచ్చి పోతుంటాలే బావా” అన్నాడు, వచ్చాడు కూడా. కానీ వచ్చి పోవడం వేరు, ఉండటం వేరు. ఆ సాయంత్రం టీ కాచి రెండు కప్పుల్లో పోశాను. రెండో కప్పు చూసి కాసేపు నిలబడ్డాను. పారబోయడానికి చేతులు రాలేదు. రెండూ నేనే తాగాను. ఆ తర్వాత నిద్ర రాకపోతే టీ మీద తోశాను.

ఇల్లు మళ్లీ మూగబోయింది. ఇంతకుముందూ ఇదే ఇల్లు, ఇదే నిశ్శబ్దం. అప్పుడు బాధ అనిపించలేదు, అలవాటు. ఆ కొద్దికాలం వాడుండి ఆ అలవాటు చెడగొట్టాడు. గోడ గడియారం ఆడుతోందని అప్పుడే గమనించాను. ఒకటే దారి కనిపించింది నాకు, త్వరగా బాగుపడాలి. బాగుపడితే శనివారం వస్తుంది. శనివారం వస్తే మిగతా రోజులు ఎలాగో గడుస్తాయి. అందుకని పట్టుదలగా కాలు ఎత్తాను, దించాను, మెట్లెక్కాను, దిగాను. చివరికి ఆ అమ్మాయి ఒకరోజు నేల మీద జేబురుమాలు వేసి, “ఊఁ, ఇప్పుడు తీయండి” అంది. కుర్చీ పట్టుకుని, ఎడమకాలు వెనక్కి లేపి, వంగి తీశాను. తీసి ఊపాను, రైలుకు జెండా ఊపినట్టు. బ్రేకు ఆ సమయానికి లేడు. వాడికి చెప్పలేదు. మైదానంలో చూపిద్దామనుకున్నాను.

డాక్టరు ఎక్స్‌రే చూసి, తుంటి నొక్కి, ఇక ఆడుకోవచ్చన్నాడు. మొదట సగం మైదానమే, మెల్లిగా, నొప్పి అనిపిస్తే ఆపేయాలి. ఆ మాట బ్రేకుకి ఫోనులో చెప్పాను. “మంచిది బావా” అన్నాడు కాసేపాగి. “అయితే శనివారమే.”

శనివారం వాన తెరిపిచ్చింది. మాది గొప్పవాళ్ల క్లబ్బు కాదు, ఊరివాళ్లందరిదీ. గడ్డి తడిగా ఉంది, గేటు దగ్గర బురద. బ్రేకు నా బ్యాగు కూడా తనే మోశాడు. పట్టర్ తీసి చూస్తే పిడి చివర గుండ్రటి రబ్బరు బుడిపె ఒకటి బిగించి ఉంది. కర్ర తిరగేసి గుంటలో బంతి మీద నొక్కితే అది బంతిని పట్టుకుని పైకి తెస్తుంది.

“నువ్వు వంగక్కర్లేదు. నేనే బిగించా” అన్నాడు.

నేను మనసులో నవ్వుకున్నాను. చూద్దువుగాని అనుకున్నాను.

మొదటి దెబ్బ గురించి చెప్పుకోడానికేమీ లేదు. బంతి గాల్లోకి లేచీ లేవనట్టు లేచి, మూలనున్న ముసలమ్మలా కాస్త దూరం పోయి కూలబడింది. వాడు కొట్టింది దానికి రెండింతలు పోయింది. అయినా నాకు లెక్క లేదు. తడిగడ్డి మీద నా అడుగులు, పక్కన వాడి అడుగులు. కుంటు లేదు. చేతికర్ర కారులో ఉంది. ప్రతి గుంట దగ్గరా నా బంతి వాడే తీసిచ్చాడు, నేనూ తీయనిచ్చాను. నా విద్య చివరి గుంట కోసం దాచుకున్నాను. దారిలో వాడు మామూలుగా చెప్పే డ్రైవింగ్ కబుర్లేవీ చెప్పలేదు. ఆటలో ఉన్నాడనుకున్నాను.

ఆ రోజుకి మా చివరి గుంట. నా బంతి దొర్లి దొర్లి గుంటకు జానెడు దూరంలో ఆగింది. నేను పట్టర్ సరిచేసుకుంటున్నాను.

“తీసేసుకో బావా” అన్నాడు వాడు.

నేను తలెత్తి చూశాను. వాడి చేతులు కట్టుకుని లేవు, పక్కలకు వేలాడుతున్నాయి. కుడికాలు గడ్డిని నొక్కుతోంది.

“ఏమైంది?” అన్నాను.

“ఏముంది. నీకు వంగడం కష్టమని.”

“వంగక్కర్లేకుండా బుడిపె నువ్వే బిగించావు కదరా.”

వాడు తన పట్టర్ బ్యాగులో పెట్టి, మళ్లీ బయటికి తీశాడు.

“మీ అక్కకేమైనా అయిందా?”

“అక్కకేం కాలేదు. బాగానే ఉంది. షాపు పెద్దదైంది, ఒక్కతే తిప్పుకోలేకపోతోంది. పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, వచ్చి ఉండమంటోంది.” ఆగి, బూటుతో గడ్డి చదును చేశాడు. “నాకూ ఇక్కడ పని అయిపోయింది బావా. వయసు దాటిందని, నేర్పే లైసెన్సు నాకిక ఇవ్వరట. ఎండాకాలంలోనే రమ్మంది. అప్పటికి నీ తుంటి సంగతి తేలింది. బావ ఆడేదాకా ఆగమన్నాను.”

ముందు బావ ఆడనీ అక్కా. ఆడాక చెబుతా. వాన ఆగిన ఆ సాయంత్రం మాట మళ్లీ వినిపించింది. ఆమె అడిగింది నా గురించి కాదు, వాడి గురించి. అందులో తప్పేముంది, వాడు ఆమెకు తమ్ముడు. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత. పదిసార్లకు ఇరవైసార్లు నేను కాలు ఎత్తింది, ఎక్కిన ప్రతి మెట్టూ, వాణ్ని త్వరగా పంపడానికే అయింది. తెలిసుంటే ఆ స్టాండు పట్టుకుని ఇంకా వసారాలోనే తిరిగేవాణ్ని.

“నీకింకా నొప్పిగా ఉందంటే చెప్పు బావా” అన్నాడు వాడు, నా ముఖం చూడకుండా. “ఇంకో ఏడాది ఆగుతాను. అక్కకి నేను చెప్పుకుంటాను. నీకు కుదుటపడిందో లేదో నాకు తెలియడంలేదు. నువ్వే చెప్పు.”

బామ్మర్ది బతకగోరు అని ఊరికే అనలేదు పెద్దలు. ఉందని అంటే వాడు ఉంటాడు. అబద్ధం కూడా కాదు, ఆ నిమిషంలో తుంటి సలుపుతూనే ఉంది. ఒక్క మాట చాలు, మళ్లీ పెట్టె తెచ్చుకుంటాడు. మేజోళ్లు తొడుగుతాడు, గుడ్లు మాడుస్తాడు. నాకు అది కావాలి. అంతగా నేను జీవితంలో దేన్నీ కోరుకోలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

వాడి కాలు వైపు చూశాను. ఇంకా నొక్కుతూనే ఉంది. అటు అక్క, ఇటు బావ, మధ్యలో వాడు ఎండాకాలం నుంచీ బ్రేకు మీద కాలు పెట్టుకునే ఉన్నాడు.

“చేతులు కట్టుకో” అన్నాను.

“ఏంటి?”

“చేతులు కట్టుకుని నిలబడు. పడ్డాక మాట్లాడదాం.”

వాడు చేతులు కట్టుకున్నాడు. జానెడు దూరమే. ఆ జానెడుకి నేను తీసుకున్నంత సేపు ఎవడూ తీసుకుని ఉండడు. వేశాను. బంతి వెళ్లి గుంటలో పడి, అడుగున తగిలి చప్పుడు చేసింది. పట్టర్ తిరగేయలేదు. దాన్ని చేతికర్రలా ఊని, ఎడమకాలు తిన్నగా వెనక్కి లేపి, వంగి, గుంటలో చేయి పెట్టి బంతి తీశాను. లేచి నిలబడ్డాను. ఎడమకాలు నేల మీద ఆన్చి, దాని మీదే బరువు వేశాను.

“చూశావుగా. ఎప్పుడు వెళ్తున్నావు?”

వాడు కళ్లు తుడుచుకున్నాడు, వాన చినుకు పడినట్టు. చినుకులేమీ లేవు. “వచ్చే శనివారం అయ్యాక” అన్నాడు.

“అయితే వచ్చే శనివారం ఉందన్నమాట.”

“ఉంది.”

ఆ శనివారం కూడా అయిపోయింది. బస్సు దగ్గర వాడు డ్రైవరు గేరు వేసే తీరు చూసి పెదవి విరిచాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, “జాగ్రత్తగా వెళ్లు” అన్నాను. “నడిపేది నేను కాదుగా” అన్నాడు. బస్సు కదిలాక వాడి కుడికాలు ఎలా ఉందో నాకు కనబడలేదు.

వాడు తలగడ మరిచిపోయాడు. మరిచిపోయాడో, వదిలేశాడో. మోకాళ్ల మధ్య తలగడ ఇక అక్కర్లేదని డాక్టరు అన్నా, నేను దాన్ని పెట్టుకునే పడుకుంటున్నాను. రెండో కుర్చీ మీద పేపర్లు పెట్టలేదు. ఖాళీగా ఉంచాను. ఎదురుగా ఖాళీ కుర్చీ చూస్తూ తినడం, పేపర్ల కట్ట చూస్తూ తినడం కంటే కష్టమే. అయినా ఉంచాను.

తర్వాతి శనివారం వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. “ఒక్కరేనా ఈవేళ?” అన్నాడు గేటు దగ్గర మనిషి. “ఆగండి, జత ఎవరైనా దొరుకుతారేమో.” బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆగాను. నలుగురేసి, ముగ్గురేసి వచ్చినవాళ్లు వాళ్లలో వాళ్లు వెళ్లిపోయారు. చివరికి బ్యాగు భుజాన వేసుకుని ఒక్కణ్నే బయల్దేరాను. ఒంటరిగా ఆడితే ఆట త్వరగా అయిపోతుంది. మాట్లాడేవాళ్లు ఉండరు, ఆగి చూసేవాళ్లు ఉండరు. బాగా కొట్టిన దెబ్బ ఒకటి పడింది, బంతి చెట్ల మీదుగా వెళ్లి నున్నగా దిగింది. పక్కకు తిరిగి చూశాను. ఎవరున్నారు చూడటానికి?

చివరి గుంట దగ్గర బంతి జానెడు దూరంలో ఆగింది. చుట్టూ మనిషి లేడు. తీసి జేబులో వేసుకున్నా అడిగేవాడు లేడు. వంగబోతుంటే ఫోను మోగింది.

“ఎక్కడున్నావు బావా?”

“చివరి గుంట దగ్గర. జానెడు.”

“వెయ్యి మరి.”

ఫోను చొక్కా జేబులో పెట్టుకుని వేశాను. గుంట అంచు తాకి పక్కకు పోయింది. 

“పడలేదు కదూ” అన్నాడు వాడు లోపలి నుంచి. “ఇంకోటి వెయ్యి.”

వేశాను. పడింది. అడుగున తగిలిన చప్పుడు వాడికీ వినిపించి ఉంటుంది. కాలు వెనక్కి లేపి, వంగి, బంతి తీసుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల పరదా రింగులు కడ్డీ మీద జారుతున్న చప్పుడు. “ఎవర్రా?” అని ఒక ఆడగొంతు అడిగింది. ఎన్నేళ్లయినా ఆ గొంతు నేను గుర్తుపట్టగలను.

వాడు ఫోనుకు చేయి అడ్డం పెట్టలేదు.

“బావ” అన్నాడు.